బండి మోసిన బరువు

తూనికల ఇన్‌స్పెక్టరుగా నాకు ఇరవై ఆరేళ్ళ సర్వీసు. కూరగాయల త్రాసు నుంచి లారీలెక్కే కాటా దాకా, ఏది ఎంత చూపించాలో అంతే చూపిస్తోందా లేదా అని చూసి ముద్ర వేయడం నా పని. ముల్లు వెంట్రుకవాసి పక్కకి జరిగినా నాకు అన్నం సయించదు. మా ఆవిడ దీన్ని రోగం అంటుంది. నేను వృత్తిధర్మం అంటాను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఈ వాదన తేలలేదు.

అలాంటివాణ్ణి పోయి పోయి, అంచనా మీద నడిచే బండి కొన్నాను.

మా ఆవిడ ఫిజియోథెరపిస్టు. ఆమె ఆసుపత్రి కొండకి అవతలి ఊళ్ళో ఉంది, మా ఇంటికి ఇరవై ఆరు కిలోమీటర్లు. రోజూ రెండు బస్సులు మారి నడుములు పడిపోతున్నాయని, ఇతరుల నడుములు సరిచేసే మనిషే మూలుగుతుంటే చూడలేక ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. తాళం చేతికిచ్చే రోజు షోరూములో ఒక అమ్మాయి పక్క సీట్లో కూర్చుని అన్నీ ఓపిగ్గా చెప్పింది. వెనకాల మా ఆవిడా, పదకొండేళ్ళ మా పాపా. తెర మీద రెండు అంకెలు వెలుగుతున్నాయి. నూరు శాతం. మూడు వందల ఎనభై కిలోమీటర్లు.

"ఈ మూడొందల ఎనభైని మాత్రం నమ్మకండి సార్" అంది ఆ అమ్మాయి నవ్వుతూ.

"నమ్మకూడనిది చూపించడం దేనికమ్మా?"

"శాతం అనేది బ్యాటరీలో ఉన్న సరుకు సార్. కిలోమీటర్లేమో బండి వేసుకునే అంచనా. నిన్నా మొన్నా మీరెలా నడిపారో చూసుకుని, ఇక ముందూ అలాగే నడుపుతారనుకుని చెబుతుంది. జోరుగా పోతే తగ్గుతుంది. ఏసీ వేస్తే తగ్గుతుంది. చలికీ, ఎత్తుకీ, బరువుకీ తగ్గుతుంది. నిదానంగా పోతే అదే పెరుగుతుంది."

"అంటే కాకిలెక్క."

"కాకిది కాదు సార్, మీ లెక్కే. మీరు చేసిందే మీకు తిప్పి చెబుతుంది."

వెనక నుంచి మా ఆవిడ కిసుక్కున నవ్వింది. "మా ఆయనకి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు" అంది.

మొదటి రెండు వారాలూ సుఖంగానే గడిచాయి. పొద్దున ఆమె తీసుకెళ్ళేది, సాయంత్రం తెచ్చేది, నేను కింద పార్కింగులో ప్లగ్గు పెట్టేవాణ్ణి. నిండుగా ఎక్కించాక మూడు వందల అరవై చూపించేది. ఒకరోజు అరవై అయిదు, ఒకరోజు యాభై ఎనిమిది. సరే, కొండ దారి కదా అనుకున్నాను. మనసు మెల్లగా సర్దుకుంది.

మూడో వారం నుంచి అంకె దిగడం మొదలుపెట్టింది.

నిండా ఎక్కిస్తే మూడు వందల నలభై. రెండ్రోజులకి మూడు వందల ఇరవై రెండు. తర్వాత మూడు వందల పది. బండి అదే. దారి అదే. నడిపే మనిషీ అదే.

నాకు ముందు షోరూము వాళ్ళ మీద అనుమానం వచ్చింది, పాత బ్యాటరీ అంటగట్టారేమోనని. ఆ తర్వాత పక్క ఫ్లాటు ఆయన మీద. అతను నా ప్లగ్గు పీకి తన స్కూటరు పెట్టుకుంటున్నాడేమోనని రెండు సాయంత్రాలు స్తంభం వెనక నిలబడి కాపలా కాశాను. పాపం అతను వచ్చాడు, నన్ను చూశాడు, "ఏమైనా పడిపోయిందా సార్?" అని నాతోపాటు కింద వెతికి మరీ వెళ్ళాడు.

మిగిలింది మా ఆవిడ.

ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. అప్పుడు వేయలేదు. ఆమె కొంచెం మారిందని నాకు అనిపించసాగింది. ఇంటికొచ్చేసరికి ముఖం పాలిపోయి ఉండేది. ఎంత చలిగా ఉన్నా కారు అద్దాలు నాలుగూ దించుకుని వచ్చేది. సంచిని వెనక సీట్లో పెట్టడం మానేసి ముందు సీట్లో, తనకి ఆనించుకుని పెట్టుకునేది. కారు తాళం వేశాక ఒక్కక్షణం అలా నిలబడి, వెనక తలుపు వైపు చూసి, అప్పుడు మెట్లెక్కేది. ఇవన్నీ నేను బాల్కనీలోంచి చూసేవాణ్ణి. ఒక త్రాసులో మోసం ఉందని తెలిశాక దుకాణం వాడి ముఖం ఎలా చదువుతానో అలా చదివేవాణ్ణి.

ఒకరోజు అన్నాల దగ్గర ఉండబట్టలేక అడిగేశాను. "సాయంత్రం వచ్చేటప్పుడు ఎవరినైనా ఎక్కించుకుంటున్నావా?"

ఆమె చేతిలో గరిటె ఆగింది. ఆ ఆలస్యం నాకు చాలింది.

"లేదు" అంది చివరికి.

"ఒక్కదానివే వస్తే బండి అంత కరెంటు తినదు."

"ఎందుకొచ్చిన ఆరా? నన్ను కూడా కాటా మీద పెట్టి తూస్తారా?" గొంతు పెంచలేదు. "అనుమానం పెనుభూతం అంటారు. మనింట్లో అది రోజూ కంచం వేసుకుని కూర్చుంటోంది."

పాప తల వంచుకుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు తింటోంది. మర్నాడు మా ఆవిడకి సెలవు కావడంతో కారు తీసుకుని షోరూముకి వెళ్ళాను.

అదే అమ్మాయి. బండిని వర్క్‌షాపులోకి పెట్టించి, లాప్‌టాప్ తగిలించి, ఒక గంట చూసింది.

"బ్యాటరీకి ఏ జబ్బూ లేదు సార్. కొత్తది కొత్తదిలాగే ఉంది. అంచనా కూడా తప్పు కాదు. బండి నిజంగానే ఎక్కువ లాగుతోంది." తెర నావైపు తిప్పింది. గీతలు కొండల్లా లేచి పడుతున్నాయి. "ఇది పొద్దున వెళ్ళేటప్పుడు. చూడండి, మామూలుగా ఉంది. ఇది సాయంత్రం వచ్చేటప్పుడు. అవతలి ఊరి నుంచి పది కిలోమీటర్లు బాగానే వచ్చింది. ఇదిగో, ఇక్కడి నుంచి…"

వేలు పెట్టిన చోటు కొండ మధ్య సొరంగం.

"దాని తర్వాత మూడు కిలోమీటర్లు ఎత్తు ఎక్కాలమ్మా" అన్నాను.

"మొదటి రెండు వారాలూ అదే ఎత్తు ఎక్కింది కదా సార్. ఇంత లాగలేదు." కాసేపు పెదవి కొరుక్కుంది. "మనుషులు కిక్కిరిసి ఎక్కిన బండికి ఇలాంటి గీత వస్తుంది. అదీ ఒకేసారి కాదు. మూడో వారం ఒకరిద్దరు అనుకోండి. ఇప్పుడు అయిదారుగురు."

ఇంటికి వస్తూ దారంతా ఒకటే ఆలోచన. ఒక్కరు కాదు, అయిదారుగురు. నా భార్య మీద నేను అల్లుకున్న కథ అక్కడికక్కడే చిరిగిపోయింది. అయిదుగురు కూర్చునే బండిలో ఆమె కాక అయిదారుగురిని రోజూ ఎవరెక్కించుకొస్తారు? ఎందుకు?

శుక్రవారం సాయంత్రం అయిదింటికి బస్సులో వెళ్ళి ఆసుపత్రి ముందు దిగాను. సన్నగా తుంపర. నన్ను చూసి ఆమె ఆశ్చర్యపోలేదు. ఆమె ముఖంలో ఏదో సడలింది. నన్ను చూసి ఆమె అంతగా ఊరట పడటం చాలా రోజుల తర్వాత అదే.

"నువ్వే నడుపు. నేను పక్కన కూర్చుంటాను" అన్నాను.

తెర మీద నలభై ఆరు శాతం, నూట ముప్ఫై ఆరు కిలోమీటర్లు. ఇంటికి ఇరవై ఆరే. భయపడాల్సింది లేదు. అయినా లెక్క తేటగా తేలాలని ఏసీ ఆపమన్నాను. వాన పడుతోంది కాబట్టి అద్దాలు ఎత్తేశాం.

ఇంజిన్ లేని బండిలో ప్రయాణం ఎలా ఉంటుందో ఎక్కనివాళ్ళకి చెప్పడం కష్టం. పాత కారులో చప్పుడు మనకి ఒక దుప్పటి. ఇందులో ఆ దుప్పటి ఉండదు. తడి రోడ్డు మీద టైర్ల ఈల, అద్దాన్ని తుడిచే పుల్లల కిర్రు, పక్కన మనిషి ఊపిరి… అన్నీ విడివిడిగా వినిపిస్తాయి. పది కిలోమీటర్లూ అలాగే వచ్చాం. నలభై రెండు శాతం. నూట ఇరవై రెండు. సరిగ్గా ఉండాల్సినట్టే ఉంది.

సొరంగం ముందు ఆమె వేగం తగ్గించింది.

"మీరు నవ్వకూడదు" అంది.

"నవ్వను."

"ఇక్కడే."

లోపల ఏదో మరమ్మతు నడుస్తున్నట్టుంది. ఒక వరస మూసేసి, మధ్యలో ఎర్ర దీపం పెట్టారు. ఆగాం. ముందు బండి లేదు, వెనక బండి లేదు. తడి సిమెంటు వాసన. దాని అడుగున ఇంకో వాసన, చాలా రోజులు తడిసి ఆరని గోనె సంచిది. అద్దాలు మూసే ఉన్నాయి. అయినా వచ్చింది.

బండి కొంచెం కిందికి కూర్చుంది.

లావుపాటి మనిషి ఎక్కితే కారు ఒక్కసారి ఎలా దిగి సర్దుకుంటుందో, అలా. తలుపు తెరుచుకోలేదు. లోపలి దీపం వెలగలేదు.

మళ్ళీ ఒకసారి.

మా ఆవిడ స్టీరింగు మీద చేతులు బిగించి ఎదురుగా చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

మళ్ళీ. మళ్ళీ. అయిదోసారి… చివరగా ఒకటి, చాలా తేలిగ్గా. పిట్ట వాలినట్టు.

"నిన్న అయిదే" అంది గుసగుసగా.

దీపం పచ్చబడింది.

నేను వెనక్కి తిరిగి చూశాను. చూడాలని లేదు, మెడే తిరిగింది. వెనక సీటు ఖాళీ. బెల్టులు బిగుతుగా వాటి వాటి చోట్లలోనే ఉన్నాయి. ఏమీ లేదు. నాకు నా కళ్ళ మీద అనుమానం వచ్చింది, ఆమె మీద వచ్చింది, బండి స్ప్రింగుల మీద వచ్చింది. ఒకదాన్ని పట్టుకుని నిలబడదామంటే ఏదీ నిలవలేదు.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవారు? నన్నే తనిఖీ చేసేవారు."



సొరంగం దాటి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాం. అంకె దిగుతోంది. నూట నాలుగు. ఎనభై ఎనిమిది. డెబ్భై ఒకటి. శాతం చూస్తే రెండే తగ్గింది, నలభై. సరుకు ఉంది. అంచనా మాత్రం జారిపోతోంది. వెళ్ళాల్సిన దూరం గురించి బండికే ధైర్యం చాలనట్టు.

"ఏవండీ" అంది ఆమె. "పొద్దున వెళ్ళేటప్పుడు బండి తేలిగ్గా ఉంటుంది."

"గీతలో చూశాను."

"మరి రోజూ… ఎక్కడ దిగుతున్నారు?"

ఆ ప్రశ్న కారులో చాలాసేపు ఉండిపోయింది. వాసన కంటే ఎక్కువసేపు.

ఎత్తు పైకెక్కాక రాతి క్వారీ, దాని ముందు లారీల కాటా. రెండు నెలల క్రితం నేనే పరీక్షించి ముద్ర వేసినది. పదేసి కిలోల లెక్కన చూపిస్తుంది, తేడా రాదు. లోకంలో నేను పూర్తిగా నమ్మే కొద్ది వస్తువుల్లో అదొకటి. బండి అటు తిప్పమన్నాను.

కాటా నడిపే పెద్దాయన గదిలోంచి తల బయటపెట్టాడు. డెబ్భైకి దగ్గరి మనిషి. నా సర్వీసంతా ఎరుగుదును.

"ఏంటి సారూ, ఈ వానలో తనిఖీనా?"

"సొంత పని పెద్దాయనా. ముందు సున్నా చూపించు."

స్తంభం మీది పెద్ద బోర్డులో ఎర్రగా సున్నా. బండిని ఇనుప పలక మీదికి ఎక్కించాం. పుస్తకం ప్రకారం బండి పదహారు వందల యాభై. నేను ఎనభై, ఆమె అరవై. వెరసి పదిహేడు వందల తొంభై రావాలి.

బోర్డు మీద అంకె ఊగి, ఊగి, నిలిచింది.

రెండు వేల నూట నలభై.

"పెద్దాయనా, ఏం చేశావ్ దీన్ని?" నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"నేనేం చేస్తాను సారూ? మీరు వేసిన సీలు మీరు వేసినట్టే ఉంది. ఖాళీ బండి బరువు కావాలా? అయితే అందర్నీ దింపండి."

"అందర్నీ అంటే?"

ఆయన వంగి మా కారు వైపు చూశాడు. "వెనకాల వాళ్ళని."

నేను దిగి చూశాను. ముందు అద్దాల మీద పల్చని ఆవిరి, మా ఇద్దరి ఊపిరిది. వెనక అద్దాలు మూడూ… తెల్లగా, దట్టంగా, సున్నం కొట్టినట్టు. కిక్కిరిసిన బస్సు అద్దాల్లా. పైనుంచి ఒక చుక్క గీత గీస్తూ జారుతోంది. లోపలి వైపు నుంచి.

మా ఆవిడ దూకినంత పని చేసి దిగింది. ఇద్దరం పలక దాటి గది పక్కన నిలబడ్డాం. బోర్డు నూట నలభై తగ్గి రెండు వేలయింది. మేము పోగా, బండి పోగా, మూడు వందల యాభై కిలోలు.

వేరే దేన్నైనా అయితే అక్కడితో వదిలేసేవాణ్ణేమో. అంకె నన్ను వదలలేదు. బండి దిగితే కాటా సున్నాకి రావాలి, రాకపోతే తప్పు కాటాది. అది తేలితే చాలు, ఇదంతా యంత్రం లోపం అయిపోతుంది. ఎంత కోరుకున్నానో అది తప్పని తేలాలని! ఒక్కణ్ణే కారెక్కాను. ఊపిరి బిగబట్టి, అద్దంలోకి చూడకుండా, పలక మీంచి ముందుకి దింపి పది అడుగుల దూరంలో ఆపి, తలుపు తెరిచిపెట్టే పరుగున వచ్చాను.

బోర్డు మీద సున్నా లేదు.

ఖాళీ పలక. వాన చినుకులు దాని మీద చిట్లుతున్నాయి. మూడు వందల యాభై.

"చూశావా, కాటా చెడింది" అన్నాను. నా మాటలో సంతోషం కూడా ఉంది.

పెద్దాయన గదిలోంచి ఇరవై కిలోల పరీక్ష రాయి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. ఏం చేయాలో నాకు ఆయన చెప్పక్కర్లేదు. చెడిన కాటా తెలిసిన బరువుని తప్పుగా చూపిస్తుంది. చెడనిది కలిపి చూపిస్తుంది.

రాయి ఎత్తుకుని పలక అంచు దాకా వెళ్ళాను. కాలు ముందుకి రాలేదు. వెనక నుంచి ఆమె, "వద్దండీ" అంటోంది. పెట్టాను అడుగు. రెండడుగులు. గోనె సంచి వాసన ముఖానికి కొట్టింది. నా చుట్టూ వాన తక్కువగా పడుతోంది. మనుషుల మధ్య నిలబడితే పడనట్టు… రాయి దించి, తిరిగి చూడకుండా వచ్చేశాను.

మూడు వందల డెబ్భై.

కాటా బాగానే ఉంది.

ముగ్గురం అలా చూస్తూ నిలబడ్డాం. ఎంతసేపో తెలియదు. అప్పుడు అంకె కదిలింది.

మూడు వందలు.

రెండు వందల యాభై.

నూట అరవై.

తొందరేమీ లేదు. ఒకరి తర్వాత ఒకరు, బస్సు దిగేటప్పుడు ముందున్నవాళ్ళకి దారి ఇచ్చినట్టు. నూట పది. నలభై. అక్కడ కాసేపు ఆగింది. తర్వాత ఇరవై. అది నా రాయి.

"చివరిది చిన్నపిల్ల" అంది మా ఆవిడ. ఆమె రోజూ ఎందరినో చేతులతో ఎత్తి నిలబెట్టే మనిషి. బరువు ఆమెకీ తెలుసు.

"ఆ సొరంగంలో ఎప్పుడైనా ఏమైనా జరిగిందా పెద్దాయనా?" అని అడిగాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను సారూ. ఏమీ జరగలేదు. జరిగుంటే బాగుండేది, కారణమైనా తెలిసేది." గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. లోపలి నుంచి, "ఇంటికెళ్ళిపోండి" అన్నాడు.

రాయిని అక్కడే వదిలేశాను. కారు దగ్గరికి వెళ్ళి నాలుగు తలుపులూ బార్లా తెరిచి చూశాం. సీట్లు పొడిగా ఉన్నాయి. వెనక అద్దాల మీద ఆవిరి విడుతోంది. వాసన లేదు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను.

అక్కడి నుంచి మా ఊరి దాకా పన్నెండు కిలోమీటర్లు, అంతా దిగుడే. నాలుగు మలుపులు తిరిగేసరికి అంకె పెరగడం మొదలైంది. డెబ్భై తొమ్మిది. తొంభై ఆరు. నూట ఇరవై.

"పెరుగుతోంది!" అంది ఆమె.

"దిగిపోయారు. కాటా మీదే దిగిపోయారు."

నూట నలభై. నూట అరవై. శాతం కూడా నలభై నుంచి నలభై మూడుకి ఎక్కింది. ఆమె తల సీటుకి ఆనించి కళ్ళు మూసుకుంది. మూసుకునే నా మోచేతి మీద చెయ్యి వేసింది. "నన్ను అనుమానించారు కదూ?" అంది. అవునన్నాను. తప్పయిపోయిందన్నాను. పెళ్ళయ్యాక నేను ఆ మాట అనడం ఆమె ఎన్నడూ వినలేదు. "ఇంకోసారి అనండి" అంది. అన్నాను. కొంచెం నవ్వింది కూడా.

మా ఇంటి కింద బండి ఆపి, ప్లగ్గు పెట్టడానికి వంగినప్పుడు తట్టింది నాకు.

దిగుడులో బండి తన జోరునే కరెంటుగా మార్చి బ్యాటరీలో వేసుకుంటుంది. అది తెలిసిందే. కానీ జోరు దేని నుంచి వస్తుంది? బరువు నుంచి. తేలిక బండి కొంచెం వేసుకుంటుంది. బరువు బండి ఎక్కువ వేసుకుంటుంది. షోరూములో చూసిన గీతల ప్రకారం, పన్నెండు కిలోమీటర్ల దిగుడుకి మొదటి వారాల్లో రెండు శాతం పెరిగేది.

ఇవాళ మూడు.

ఆమెకి చెప్పలేదు. ప్లగ్గు పెట్టకుండానే తాళం వేశాను. "పద" అన్నాను.

మాది రెండో అంతస్తు. ఆమె రోజూ మెట్లెక్కే వెళ్తుంది, అందరినీ అలాగే ఎక్కమంటుంది. ఆ సాయంత్రం మాత్రం ఇవాళ ఎక్కలేనంటూ లిఫ్ట్ మీట నొక్కింది. లిఫ్ట్ వచ్చింది. లోపలికి వెళ్ళాం. ఆమె రెండు నొక్కింది.

తలుపులు మూసుకోలేదు.

బజరు మోగింది. ఆగకుండా. మీటల పైన ఎర్ర దీపం కొట్టుకుంటోంది, బరువు ఎక్కువైందని.

గోడకున్న పలక మీద రాసి ఉంది. ఆరుగురు, నాలుగు వందల ఎనిమిది కిలోలు. మేమిద్దరం నూట నలభై.

"దిగు" అన్నాను. చెయ్యి పట్టుకుని బయటికి లాగాను.

మేము దిగగానే బజరు ఆగిపోయింది. తలుపులు నెమ్మదిగా మూసుకున్నాయి. లిఫ్ట్ పైకి కదిలింది. ఒకటి… రెండు.

ఆగింది.

మెట్ల వైపు పరిగెత్తాను. ఆమె నాకంటే ముందే ఉంది. మొదటి మలుపు దాటకముందే పైన మా గడియ తీసిన చప్పుడు వినిపించింది. ఎవరూ బెల్లు కొట్టలేదు. ఆ వెంటనే మా పాప గొంతు… తెలిసినవాళ్ళని చూసినప్పటిలా, హుషారుగా.

"అమ్మా నాన్నల కంటే మీరే ముందొచ్చేశారే ఇవాళ!"